తరువాత విప్పేవాడి కోసం

1980ల మధ్యలో నేను పనిలో చేరేనాటికి హైదరాబాదులో రెండు రకాల వైరింగ్ పక్కపక్కనే నడుస్తుండేది. బర్కత్‌పురా, కాచిగూడ, సుల్తాన్ బజార్ వైపు పాత ఇళ్లలో గోడల మీద టేకు పట్టీలు బిగించి, వాటి మీద ఇత్తడి క్లిప్పులతో వైరు పరిచే బ్యాటన్ వైరింగ్ ఉండేది. దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, వనస్థలిపురం వైపు కొత్తగా లేస్తున్న ఇళ్లలో పీవీసీ పైపులను గోడలోనూ స్లాబులోనూ దాచేసే కన్సీల్డ్ వైరింగ్ ఊపందుకుంటోంది. ఉదయం ఒక ఇంట్లో పాత పట్టీలు విప్పి, సాయంత్రం మరొక ఇంట్లో స్లాబు మీద పైపులు పరిచిన రోజులు మాకు మామూలే. ఈ రెండు పనులూ చేత్తో నేర్చుకునే అవకాశం దొరికిన చివరి తరం మాదే అనుకుంటాను. నా తరువాత వచ్చిన కుర్రవాళ్లకు టేకు పట్టీ అంటే పాత సామాన్ల దుకాణంలో తూకానికి అమ్మే చెక్క మాత్రమే.

మల్లేపల్లి ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసి బయటికి వచ్చిన నాకు బ్రిటానియా జాయింటు, మ్యారీడ్ జాయింటు, వెస్టర్న్ యూనియన్ జాయింటు కళ్లు మూసుకుని వేయడం వచ్చు. రాగి పోగులను మెరిసేదాకా గీకి, ఒక్కొక్క పోగునూ ఎదుటి తీగ మీద ఒత్తుగా చుట్టి, రోసిన్ అద్ది సాల్డర్ పట్టించడం మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఎంతో శ్రద్ధగా నేర్పించారు. ఆ ధీమాతోనే, పనిలో చేరిన కొత్తలో, నా చేతి వాటం చూపించుకోవడానికి మా ఉస్తాద్ ముందు ఒక మ్యారీడ్ జాయింటు వేసి పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ లాగి చూసి, "బాగుంది బేటా. మరి దీన్ని ఏడ పెడతవ్?" అని అడిగారు. పైపులో పెడతానన్నాను. ఆయన నవ్వి, పైపు లోపల జాయింటు ఎంత బాగున్నా అది తప్పే అని చెప్పారు. జాయింటు అనేది బాక్సులోనో, స్విచ్ బోర్డులోనో, అంటే మూత విప్పితే కంటికి కనిపించి చేతికి అందే చోటే ఉండాలి. "మనం జేసింది మళ్లెప్పుడో ఒకడు ఇప్పుతడు. ఆనికి కనపడాలె" అన్నది ఆయన మాట. ఆ తరువాత ఆయన దగ్గర నేర్చుకున్న ప్రతి పనిలోనూ, ఆయన పైకి చెప్పినా చెప్పకపోయినా, ఈ లెక్కే కనిపించేది.

ఉస్తాద్‌ది పాతబస్తీ. బడిలో చదివింది కొద్దే అయినా వైర్‌మన్ పర్మిట్ సంపాదించినవారు. లెక్కలు ఉర్దూలో వేసుకుని, మాతో సగం తెలుగు, సగం హైదరాబాదీ హిందీ కలిపి మాట్లాడేవారు. చెవి మీద వడ్రంగి పెన్సిలు, భుజాన గోతాం గుడ్డతో కుట్టించుకున్న సంచి ఎప్పుడూ ఉండేవి. ఆ సంచిలో కటింగ్ ప్లయర్, రెండు సైజుల స్క్రూడ్రైవర్లు, పోకరు, సుత్తి, రెండు ఉలులు, నల్ల టేపు చుట్ట, హోల్డర్లకు బిగించిన రెండు బల్బుల సీరీస్ ల్యాంపు ఉండేవి. టెస్టరు కూడా ఉండేది గాని, దాని మాటను ఆయన అంతగా నమ్మేవారు కారు. టెస్టరులోని నియాన్ దీపం కొద్దిపాటి లీకేజీకి కూడా వెలుగుతుంది. వచ్చేది నిజమైన సప్లయా, పక్క వైరు నుంచి ఊరికే తోచే కరెంటా అనేది బల్బు వెలిగితేనే తేలుతుంది. రెండు బల్బులు ఎందుకు, ఒకటి చాలదా అని అడిగితే, రెండు ఫేజుల మధ్య పొరపాటున పెట్టినప్పుడు 400 వోల్టులు దాటిన ఆ దెబ్బకు ఒంటరి బల్బు ముఖం మీదే పేలిపోతుందని వివరించారు.

బ్యాటన్ వైరింగ్‌లో మొదటి పని గోడకు చెక్క బిరడాలు దించడం. ఇప్పటిలా డ్రిల్లింగ్ మిషన్‌తో రంధ్రం చేసి ప్లాస్టిక్ ప్లగ్గు తోసేయడం కాదు. టేకు ముక్కను ఒక కొస వెడల్పుగా, మరొక కొస సన్నంగా ఉండేలా చెక్కి, ఉలితో గోడలో తొలిచిన గుంతలో వెడల్పు కొస లోపలికి, సన్నటి కొస బయటికి వచ్చేలా పెట్టి, చుట్టూ సిమెంటు దట్టించాలి. కొత్తవాడెవడైనా మేకు దిగగొట్టే అలవాటు కొద్దీ సన్నటి కొసనే లోపలికి పెడతాడు. అలా పెడితే కొన్నాళ్లకు పట్టీ బరువుకు బిరడా మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. లోపలి కొస వెడల్పుగా ఉంటే మాత్రం ఎంత లాగినా సిమెంటు దాన్ని వదలదు. ఆ తరువాత పట్టీ మీద క్లిప్పుల వరుస. అడ్డంగా పోయే పట్టీ మీద 10 సెంటీమీటర్లకు ఒకటి, నిలువు పట్టీ మీద 15 సెంటీమీటర్లకు ఒకటి కొట్టాలి, ఎందుకంటే అడ్డంగా ఉన్న వైరు తన బరువుకు తానే వేలాడుతుంది. క్లిప్పులన్నీ పట్టీని కింద పెట్టుకుని ముందే కొట్టేసి, గోడకెక్కించాక వైరు పరిచి, క్లిప్పు తోకను దాని కన్నంలోంచి లాగి వెనక్కి మడవాలి. మడతలన్నీ ఒకే వైపుకు తిరిగి ఉండాలని ఉస్తాద్ పట్టుపట్టేవారు. చూపుకు అందమనే అనుకునేవాణ్ణి గాని, విప్పేటప్పుడు తెలిసింది: మడతలన్నీ ఒక వైపే ఉంటే స్క్రూడ్రైవర్ కొసతో వరుసగా ఎత్తుకుంటూ పోవచ్చు, వైరు చెక్కుచెదరదు.

ఇంకా పాత ఇళ్లలో కేసింగ్ క్యాపింగ్ అనే పద్ధతి ఉండేది. రెండు కాలువలు తీసిన టేకు పట్టీలో వైర్లను చెరొక కాలువలో పరిచి, పైన చెక్క మూత బిగించేవారు. మూత స్క్రూలు రెండు కాలువల మధ్యనున్న గట్టు మీదనే దిగాలి, వెంట్రుకవాసి పక్కకు జరిగినా రబ్బరు తొడుగు చీరి తీగకు తగులుతాయి. అలాంటి ఒక ఇంట్లో పాత వైరు మార్చడానికి వెళ్లినప్పుడు, ఏటా పండక్కి వేసిన సున్నం పొరల కింద స్క్రూ తలలన్నీ మూసుకుపోయి ఉన్నాయి. పోకరుతో గీకుతూ ఒక్కొక్క తలను వెతికి తీస్తుంటే, ఎక్కడ గీకినా సరిగ్గా గట్టు మధ్యలోనే స్క్రూ దొరికింది. ఆ పని చేసిన మనిషి ఎవరో మాకు తెలియదు. ఉస్తాద్ మాత్రం మూత పూర్తిగా తీసి చూసి, "ఉస్తాద్ ఆద్మీ" అని ఒక్క ముక్క అన్నారు. ఆయన నోట ఇంకొకరి పనికి అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

కన్సీల్డ్ వైరింగ్‌లో అసలు పరీక్ష స్లాబు రోజు. సెంట్రింగ్ వాళ్లు పలకలు పరిచి, కడ్డీలు కట్టేవాళ్లు కింది జాలి ముగించాక, కాంక్రీటు పడేలోపు దొరికే వ్యవధే ఎలక్ట్రీషియన్‌ది. రేపు తెల్లవారుజామున కాంక్రీటు అని మేస్త్రీ కబురు పెడితే, ఈ సాయంత్రం నుంచి చీకటి పడ్డాక కూడా దీపం పెట్టుకుని పైపులు పరచాల్సిందే. ముందుగా ప్రతి గదికీ ఫ్యాను ఎక్కడ వేలాడాలో గుర్తించాలి. గది నాలుగు మూలల నుంచి ఐమూలగా రెండు దారాలు లాగితే అవి కలిసే చోటే నడిబొడ్డు అని ఐటీఐ కుర్రవాడైనా చెబుతాడు. కాని ఆ గదిలో ఒక గోడ పొడవునా అటక, అలమర కట్టబోతున్నారా అని ఇంటివారిని ముందే అడగకపోతే, ఫ్యాను రెక్కలు అలమర వైపుకే గాలి విసురుతూ ఉంటాయి. కాబట్టి ఉస్తాద్ దారం లాగే ముందు ఇంటావిణ్ణి పిలిపించి, "అమ్మా, మంచం ఎటు ఏస్తరు, బీరువా ఎటు పెడ్తరు?" అని అడిగేవారు. ఇంటాయన కంటే ఆవిడ సమాధానమే పనికి వస్తుందని ఆయన అనుభవం. గోడలు కూడా లేవని ఖాళీ స్లాబు పలకల మీద నిలబడి, లేని గదిలో లేని మంచాన్ని ఊహించుకుని ఆవిడ చెప్పే సమాధానం వినడం నాకు భలే సరదాగా ఉండేది.

ఫ్యాన్ బాక్సు పెట్టి, 12 మిల్లీమీటర్ల కడ్డీతో వంచిన కొక్కేన్ని దాని గుండా స్లాబు కడ్డీల మీదికి అడ్డంగా దూర్చి బైండింగ్ వైరుతో కట్టాలి. బాక్సులోకి సిమెంటు పాలు దిగకుండా తడిపిన పాత దినపత్రికలు కుక్కి, పైన టేపు వేయాలి. పైపులు కింది జాలికీ పై జాలికీ మధ్య నడవాలి. రెండు బాక్సుల మధ్య రెండుకు మించి వంపులు ఉండకూడదు, వంపు ప్రతిదీ లోపల స్ప్రింగు పెట్టి నిదానంగా వంచినదై ఉండాలి, అతుకు ప్రతిదానికీ సొల్యూషన్ పూయాలి. ఇదంతా ఒక ఎత్తు, కాంక్రీటు పడుతున్నంతసేపూ కాపలా కాయడం ఒక ఎత్తు. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు, ఆడా మగా వరుసగా నిలబడి తట్టలు అందుకుంటూ, పైపుల మీదుగానే నడుస్తుంటారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, నిలబడడానికి వేరే చోటు ఉండదు. వైబ్రేటరు పట్టినవాడి సూది ఒక్కసారి పైపుకు తగిలి అతుకు ఊడితే, లోపలికి దిగిన సిమెంటు రెండు రోజుల్లో రాయి అయిపోతుంది. అందుకని మేము చెరొక మూలా నిలబడి, అడుగు పడబోయే చోట చెక్క పలకలు వేస్తూ, జరిగిన పైపును మళ్లీ కట్టుకుంటూ, మిట్ట మధ్యాహ్నం ఎండలో స్లాబు ముగిసేదాకా ఉండేవాళ్లం. కాంక్రీటు పడే రోజు ఎలక్ట్రీషియన్ సైటులో లేకపోతే ఆ పని ఎవరిదైనా నేను నమ్మను, ఇప్పటికీ నమ్మను.

ఉస్తాద్ చేసే రెండు పనులు మాత్రం ఇంటివారికి దుబారాగానే తోచేవి. ఒకటి, మెయిన్ బోర్డు దగ్గర నుంచి డాబా మీదికి ఒక అంగుళం పైపును ఖాళీగా వేసి, అందులో ఇనుప తీగ ఒకటి దూర్చి రెండు కొసలూ మడిచి వదిలేయడం. అది దేనికని అడిగితే, "తెల్వదు సాబ్, ఏదో ఒకటి వస్తది" అనేవారు. ఆ ఏదో ఒకటి 1990లలో కేబుల్ టీవీగా వచ్చింది, తరువాత ఇన్వర్టరుగా, ఏసీగా, ఇంటర్నెట్టుగా వస్తూనే ఉంది. చుట్టుపక్కల ఇళ్లన్నీ కిటికీ చువ్వల్లోంచి వైర్లు లాక్కుంటే, ఉస్తాద్ చేసిన ఇళ్లలో ఆ తీగ కొసకు కేబులు కట్టి లాగితే సరిపోయింది. రెండవది, స్లాబు పడకముందు ఒక రూళ్ల కాగితం మీద పైపులన్నీ ఎటు నుంచి ఎటు పోతున్నాయో, ఏ గోడ నుంచి ఎన్ని అడుగులో గీసి, ఒక నకలు ఇంటివారికిచ్చి రిజిస్ట్రేషను కాగితాలతో పాటు దాచమనడం. దాన్ని దాచినవాళ్లు ఎంతమందో చెప్పలేను. దాచినవాళ్లకు మాత్రం తరువాత గోడకు రంధ్రం చేయాల్సి వచ్చినప్పుడల్లా దాని విలువ తెలిసే ఉంటుంది.

గోడలు లేచి, గాడులు కొట్టి, పైపులు దించి, పూత పని ముగిశాక వైర్లు లాగే రోజు వస్తుంది. పైపు తెరుచుకుని ఉందో లేదో చూడడానికి ఉస్తాద్‌ది ఒక సొంత పద్ధతి. బీడీ వెలిగించి, దమ్ము లాగి, పొగను పైపు నోట్లోకి బలంగా ఊది, నన్ను అవతలి బాక్సు దగ్గర నిలబెట్టేవారు. నా ముక్కుకు బీడీ వాసన తగిలితే పైపు బాగున్నట్టు. ఇంజినీరింగు పుస్తకాల్లో ఈ పరీక్ష ఎక్కడా ఉండదు గాని, అది తప్పిన సందర్భం నాకు గుర్తు లేదు. వైరు లాగడానికి ముందు తీగకు కట్టే ముడిని కూడా ఆయనే వేసేవారు. అన్ని వైర్లనూ ఒకే చోట కట్టకుండా, ఒకదాని వెనుక ఒకటి మెట్లు మెట్లుగా కట్టి టేపు చుడితే ముడి లావెక్కదు, వంపు దగ్గర ఇరుక్కోదు. ఒకరు లాగుతుంటే మరొకరు అవతల గదిలో వైరును తిన్నగా అందించాలి. "ఖీంచో", "రుకో", "ఛోడో" అన్న మూడు మాటలు ఖాళీ ఇంట్లో గదుల గుండా మోగుతుండేవి. వైరు బాక్సులోకి వచ్చాక జానెడు కొస వదిలి కత్తిరించాలన్నది ఖచ్చితమైన నియమం. స్విచ్చు మారినప్పుడల్లా అర అంగుళం కొస పోతుంది, కొసే లేకపోతే తరువాత వచ్చినవాడు వైరు మొత్తం మార్చాలి, లేదా పైపులో జాయింటు కొట్టాలి.

ఎలక్ట్రీషియన్ తన పని ఒక్కటే చూసుకుంటే చాలదని కూడా అక్కడే తెలిసింది. స్విచ్ బోర్డు ఎత్తును కచ్చా నేల నుంచి కొలిస్తే, తరువాత షాబాదు బండలు పరిచేటప్పటికి బోర్డు కిందికి దిగినట్టు కనబడుతుంది. కనుక బండలు ఎంత మందమో, కింద ఎంత మాలు వేస్తారో తాపీ మేస్త్రీని అడిగి, నీళ్లు నింపిన గొట్టంతో ఇల్లంతా ఒకే మట్టం గీత గీసుకుని, దాని నుంచి కొలవాలి. బాక్సు గోడకు ఎంత బయటికి ఉండాలో చెప్పేది పూత మందం. వీటన్నిటికంటే చిక్కు తలుపుతో. తలుపు ఏ పక్కకు తెరుచుకుంటుందో వడ్రంగిని అడగకుండా బోర్డు పెడితే, చివరికి స్విచ్చులు తలుపు వెనకాలకు పోతాయి, చీకట్లో ఇంట్లోకి వచ్చినవారు తలుపు మూసి, వెనక్కి తిరిగి లైటు వేసుకోవాలి. అడిగి పెట్టినా కొన్నిసార్లు గృహప్రవేశానికి ముందు వాస్తు సిద్ధాంతి వచ్చి తలుపు తిప్పించేవారు. మెయిన్ బోర్డు ఆగ్నేయంలోనే ఉండాలన్న పట్టుదల మరొకటి. కరెంటు స్తంభం వాయవ్యంలో ఉన్న ఇంటికి ఆగ్నేయం దాకా సర్వీసు వైరు లాగిన ఖర్చు ఎంతైందో ఇంటివారు మమ్మల్నే అడిగేవారు.

ఇక ఎర్తింగు, అంటే లీకైన కరెంటు మనిషి గుండా పోకుండా నేలలోకి దిగిపోయే ఏర్పాటు. ఇంటివారితో మాకు పేచీ వచ్చే చోటు ఎప్పుడూ ఇదే. గొయ్యి తవ్వాలి, రెండున్నర మీటర్ల పొడవున్న, కన్నాలు వేసిన 40 మిల్లీమీటర్ల జీఐ పైపు దించాలి, చుట్టూ ఒక వరుస బొగ్గు, ఒక వరుస దొడ్డుప్పు చొప్పున నింపుకుంటూ రావాలి, పైన నీళ్లు పోయడానికి గరాటు బిగించి, సిమెంటు తొట్టి కట్టి ఇనుప మూత పెట్టాలి. ఇంతా చేస్తే లైటు ఇంకాస్త ఎక్కువ వెలగదు, ఫ్యాను ఇంకాస్త వేగంగా తిరగదు. ఉప్పు బస్తా, బొగ్గు బస్తా మోసుకు వస్తుంటే, "వంట చేస్తారా ఏమిటి?" అని ఇంటాయన వేళాకోళం చేసిన సందర్భాలున్నాయి. పైగా మన హైదరాబాదు నేల సంగతి తెలిసిందే. రెండు గునపం పోట్లకే బండ తగిలే చోట్ల ఆ గొయ్యి తవ్వించడానికి పట్టే కూలి, మిగతా ఎర్తింగు సామాను ఖర్చును మించిపోయేది. బండ తగిలితే స్థలం మార్చి తవ్వించేవారే తప్ప, ఉస్తాద్ పైపును పొట్టి చేయడానికి ఒప్పుకునేవారు కారు.

పైపు దించాక ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూసేవాళ్లం. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య ఎంత వెలుగో ఇక్కడా అంత వెలగాలి. ఎర్త్ టెస్టరుతో కొలిస్తేనే అసలు విలువ తెలుస్తుంది, బల్బు పరీక్ష మోటుదే. అయినా బల్బు ఎర్రగా మినుకుమంటే గొయ్యి పనికిరాదని ఇంటాయన కళ్లకు కూడా అర్థమయ్యేది. 1990లలో గీజర్లు, వాషింగ్ మెషీన్లు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాక, ఎర్తు లేని ఇళ్లలో కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందని మాకు కబుర్లు రావడం ఎక్కువైంది. వెళ్లి చూస్తే కొన్ని చోట్ల గొయ్యి ఉండేది గాని, ముందు వాకిట్లో టైల్సు వేయించేటప్పుడు మూతను కూడా కప్పేసేవారు. ఎండాకాలం నాలుగు బిందెల నీళ్లు పోయాల్సిన చోటు ఎక్కడుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే ఉస్తాద్ తొట్టి మూత అంచును నేల కంటే కొంచెం ఎత్తుగా పెట్టేవారు. కాలికి తగులుతుందని తిట్టుకున్నా ఫరవాలేదు, కనబడాలి.

కట్టుబడి సైటులో తాత్కాలిక కనెక్షను గురించి కూడా చెప్పాలి. వెదురు గుంజకు కట్టిన చెక్క బోర్డు, దాని మీద ఒక ఐరన్ మెయిన్ స్విచ్చు, రెండు కిట్‌క్యాట్ ఫ్యూజులు, అక్కడి నుంచి బురదలో, ఇసుకలో ఈడ్చుకుపోయే వైరు. మోటారు, వైబ్రేటరు, దీపాలు, అన్నీ దాని మీదే. ఫ్యూజు ఎగిరినప్పుడల్లా ఎవడో ఒకడు అందుబాటులో ఉన్న రాగి పోగు లావుగా చుట్టి పెట్టేస్తాడు, అప్పుడు ఫ్యూజు బదులు వైరే కాలుతుంది. ఉస్తాద్ లైను మీద పని చేసేటప్పుడు మెయిన్ ఆపి ఊరుకునేవారు కారు. ఫ్యూజు తీగ బిగించే క్యారియర్లను పీకి చొక్కా జేబులో వేసుకునేవారు. ఎవరెంత అరిచినా, మోటారు ఆగి తాపీ పని నిలిచిపోయినా, నిచ్చెన దిగేదాకా అవి జేబులోంచి బయటికి వచ్చేవి కావు. చాలా ఏళ్ల తరువాత నేను దుబాయ్ వెళ్లినప్పుడు, ప్యానెల్‌కు ఎవరి తాళం వాళ్లు వేసి, పేరు రాసిన ట్యాగు తగిలించి, తాళం చెవి జేబులో పెట్టుకోవాలని అక్కడి సేఫ్టీ అధికారి గంటసేపు పాఠం చెప్పాడు. నాకు ఉస్తాద్ చొక్కా జేబు గుర్తొచ్చింది. పక్కనున్న కరీంనగర్ సోదరుడికి ఆ సంగతి చెబితే, తన మేస్త్రీ కూడా అంతేనని నవ్వాడు.

దుబాయ్ గురించి రాస్తే అదొక వేరే కథ. పనికి సంబంధించినంత వరకు అక్కడ నేర్చుకున్నవి ఇనుప పైపులకు డైతో మర తీయడం, ఒక్కొక్క ప్లగ్గులోనే ఫ్యూజు ఉండే 13 ఆంపియర్ల చదర పిన్నుల సాకెట్లతో పని చేయడం. తిరిగి వచ్చేసరికి 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ చుట్టూ మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్నాయి. కేబుల్ ట్రేలు, బస్ బార్లు, జనరేటర్లు, యూపీఎస్ గదులు, ఇంటి వైరింగ్ మనుషులకు అదొక కొత్త లోకం. అదే సంవత్సరం ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీలో శిక్షణ పొందిన కుర్రవాళ్లు కూడా సైట్లకు రాసాగారు.

అంతకుముందే నేను లైసెన్సింగ్ బోర్డు పరీక్ష రాసి పర్మిట్ తెచ్చుకున్నాను. ఇల్లు పూర్తయ్యాక లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు సంతకంతో టెస్ట్ రిపోర్టు ఇస్తేనే విద్యుత్ బోర్డు వారు మీటరు పెట్టేవారు. 1999లో బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయాక ఆఫీసు బోర్డు మారింది గాని ఆ కాగితం మారలేదు. చాలా మంది ఆ రిపోర్టును కూర్చున్న చోటే నింపేవారన్నది బహిరంగ రహస్యం. ఉస్తాద్ మాత్రం తెలిసిన కాంట్రాక్టరు దగ్గర వైర్ల ఇన్సులేషను ఎక్కడా దెబ్బతినలేదని కొలిచి చూసే 500 వోల్టుల మెగ్గరు అరువు తెచ్చి, బల్బులన్నీ తీయించి, స్విచ్చులన్నీ వేయించి, నా చేత పిడి తిప్పించేవారు. 50ని ఇంట్లోని పాయింట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చినన్ని మెగోమ్‌లకు తగ్గకూడదన్నది అప్పటి లెక్క. పిడి తిప్పుతుంటే ముల్లు అనంతం గుర్తు వైపుకు జరిగి నిలిచినప్పుడు, ఇన్ని నెలలు గోడల్లో ఏం చేశామో మొదటిసారి కంటికి కనబడేది. ముల్లు పడిపోతే ఆ రాత్రికి ఇంటికి వెళ్లేది లేదు. ఒక్కొక్క సర్క్యూట్ విడదీసుకుంటూ, ఎక్కడో ఏ స్క్రూ కింద నలిగిందో, ఏ బాక్సు అంచు కోసిందో వెతకాల్సిందే. చివరగా మెయిన్ బోర్డు మూత లోపలి వైపున ఏ ఫ్యూజు ఏ గదిదో పెన్సిలుతో రాసి పెట్టడంతో ఆ ఇంటి పని ముగిసేది.

ఇప్పుడు నేను అపార్టుమెంటు సైట్లలో సూపర్‌వైజరుగా ఉంటున్నాను. కుర్రవాళ్లు బిహార్, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవారే ఎక్కువ. లేజరు గీత పెట్టి క్షణంలో మట్టం చూస్తారు, రెండు బిళ్లల మిషన్‌తో గాడిని వెన్న కోసినట్టు కోస్తారు, ఆ పని ఉలితో చేసి బొబ్బలెక్కిన చేతులతో నేను వాళ్లను మెచ్చుకోకుండా ఉండలేను. ఫ్యూజు బదులు తనంత తానే పడిపోయే స్విచ్చులైన ఎంసీబీలు, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్‌సీసీబీలు వచ్చి మేము భయపడిన ప్రమాదాలు ఎన్నో తగ్గాయి. అయితే స్లాబు పడుతున్నప్పుడు వాళ్లు కింద నీడలో ఫోను చూసుకుంటుంటారు, పైకి తరిమే పని నాది.

జానెడు కొస దగ్గర మాత్రం రోజూ పంచాయితీయే. ఒక్కొక్క బాక్సులో అన్ని అంగుళాల రాగి వదిలేస్తే, రెండు వందల ఫ్లాట్లకు ఎంతవుతుందో లెక్క కట్టి చూపించాడు మా కాంట్రాక్టరు. రాగి ధర పెరిగినప్పుడల్లా ఆ కాగితం మళ్లీ బయటికి తీస్తాడు. నాలుగు అంగుళాలు చాలంటాడు, నేను కాదంటాను. మొన్న నేను సెలవు పెట్టిన రోజున ఒక అంతస్తు మొత్తం నాలుగు అంగుళాలకే కోయించాడు. మరునాడు కుర్రవాళ్లను వెంటబెట్టుకుని ఆ అంతస్తులో బాక్సు బాక్సుకూ తిరిగి, పైపులో మిగులు ఉన్న చోటల్లా మళ్లీ లాగించాను. ఎంత వైరు వృథా అయిందో తూకం వేయిస్తానని ఆయన, వేయించుకోమని నేను, ఇంకా అక్కడే ఉన్నాం.